మియాపూరులో సైగల దుబాసీ సేవ – ఒక దినము, కొంత చరిత్ర



శతాబ్ది సంచికకు మా సేవనుగూర్చి ఒక వ్యాసము వ్రాసియిమ్మని కమిటీ వారు కోరినప్పుడు మేము కొంత తటపటాయించితిమి. మాది ఒకరి మాట మరియొకరికి చెప్పు పనియే గాని మా మాట చెప్పుకొను పని కాదు. నోటి మాటను చేతులతో చెప్పుట, చేతుల మాటను నోటితో చెప్పుట, పని ముగియగానే ప్రక్కకు తొలగుట, ఇదియే మేము నేర్చుకొనిన క్రమము. అయినను మియాపూరు సంఘములో ఎడమవైపు మొదటి రెండు వరుసలలో ఆదివారమాదివారము కూర్చుండు బధిర సహోదరీ సహోదరులనుగూర్చి ఈ సంచికలో ఒక్క పుటయైనను లేనియెడల, మన అధ్యక్ష మండలపు నూరేండ్ల చరిత్రలో ఆ రెండు వరుసలు ఖాళీగా మిగిలిపోవునని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఈ సేవలో మేము ముగ్గురము ఉన్నాము. ఇదియే మా ఉద్యోగము, ఇదియే మా పరిచర్య. వారములో ఆరు దినములు నగరములో ఎక్కడికి పిలిచిన అక్కడికి పోవుదుము; ఆదివారమున దేవాలయములో నిలుచుదుము. ఈ సేవ ఎట్టిదో తెలియుటకు శ్రమకాలములోని ఒక శుక్రవారమును తీసికొని, ఆ దినమున మేము నిలిచిన నాలుగు స్థలములనుగూర్చియు, వాటి వెనుకనున్న చరిత్రనుగూర్చియు వరుసగా చెప్పెదము. ఆ దినమున మాలో ఒకరు ఊరిలో లేరు. ఇద్దరమే ఉంటిమి.

దుబాసి అను మాట

రెండు భాషలు తెలిసి, ఒకరి మాట నింకొకరికి చెప్పువానిని మన పెద్దలు దుబాసి అనిరి. కుంపిణీ దొరల కాలములో ఇది గొప్ప ఉద్యోగము. చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా వెళ్ళి, చూచినదంతయు తన యాత్రా చరిత్రలో వ్రాసియుంచిరి.

పరిశుద్ధ గ్రంథములోను దుబాసీలు కలరు. ఐగుప్తులో యోసేపు తన అన్నలతో మాటలాడినప్పుడు నడుమ ఒక దుబాసి యుండెనని ఆదికాండము 42వ అధ్యాయములో చూచుచున్నాము. నోటిమాంద్యము గలవాడనని మోషే మొరపెట్టగా దేవుడు అహరోనును అతనికి నోరుగా నిచ్చెను. నెహెమ్యా కాలములో లేవీయులు ధర్మశాస్త్రమును చదువుటతో సరిపెట్టక, జనులకు అర్థమగునట్లు దాని భావమును తెలియజెప్పిరి.

మన తెలుగు సంఘమును దుబాసీల చేతిమీదుగా పుట్టినదే. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషను దొరలు జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజ్ గారలకు ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి తోడ్పడకపోయినయెడల ఆనాడు సువార్తలు తెలుగులోనికి వచ్చియుండెడివి కావు. దొరల మాట మనకు తెలియుటకు దుబాసి కావలసివచ్చెనని మనకు తెలియును. అయితే నోటి భాషకు దుబాసీని వెదకుకొనిన మనము, కంటి భాషకు కూడ దుబాసి కావలెనని తలంచుటకు చాల ఆలస్యము చేసితిమి. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన మొదటి సంగతి ఇదే.

తెల్లవారుజాము: ఆసుపత్రిలో

ఆ శుక్రవారము ఉదయము 4-40 గంటలకు మా ఫోను కదలినది. బధిరులు ఫోను చేయుటయనగా వీడియోలో సైగ చేయుట. మన సంఘస్థుడైన ఒక సహోదరుడు వీధి దీపము క్రింద నిలిచి, ఒక చేత ఫోను పట్టుకొని రెండవ చేతితో, "అక్కా, నొప్పులు మొదలైనవి, త్వరగా రండి" అని చెప్పెను. భార్యాభర్తలిద్దరును బధిరులు. వారి ఎనిమిదేండ్ల కుమార్తెకు మాత్రము వినికిడి కలదు.

మేము ఆ ఆసుపత్రి చేరునప్పటికి నర్సమ్మ ఆ చిన్నపిల్లనే మంచము నొద్ద నిలువబెట్టి, "బిడ్డ గుండె సరిగా కొట్టుకొనుట లేదట, ఆపరేషను చేయవలెనట అని మీ అమ్మకు చెప్పమ్మా" అనుచుండెను. పిల్ల చేతులు సగములో ఆగిపోయినవి. మమ్మును చూచి, "బేబీ చనిపోతదా ఆంటీ?" అని అడిగినది. నర్సమ్మది చెడ్డ మనస్సు కాదు. ఆ గడియలో మాట చేరవేయుటకు వేరెవరును లేకపోయిరి, అంతే. కాని తల్లి ప్రాణమునుగూర్చిన మాటను పిల్ల నోట చెప్పించుట ఎంతటి భారమో బధిరుల ఇండ్లలో పెరిగిన ప్రతి పిల్లకును తెలియును. మాలో ఒకరము పిల్లను వెలుపలికి తీసికొనిపోయితిమి. రెండవవారము తల్లి కంటి ఎదుట నిలిచితిమి.

డాక్టరమ్మగారు చెప్పినదంతయు విని ఆ తల్లి మూడు ప్రశ్నలు వేసినది. ఎంతసేపు పట్టును? నాకు తెలివి ఉండునా? నాకు కనబడునట్లు ఎవరు నిలుచుందురు? అంతవరకు ఆమెను ఎవరును ఏమియు అడుగనిచ్చియుండలేదు. కాగితముమీద సంతకము మాత్రము అడిగిరి.

ఆపరేషను బల్లమీద రోగి రెండు చేతులను పట్టీలతో కట్టుట వాడుక. బధిర తల్లికి చేతులు కట్టుట యనగా నోరు కట్టుటయే. ఈ సంగతి డాక్టరమ్మగారికి విన్నవించగా, ఆమె ఒక క్షణమాలోచించి, సెలైను లేని చేతిని విడిచిపెట్టించిరి. మమ్మును తలవైపున నిలువనిచ్చిరి. ముఖములకు మాస్కులు ఉన్నందున అక్కడివారి ముఖకవళికలు ఆమెకు తెలియవు. మా కన్నులును చేతులును మాత్రమే ఆమెకు ఆధారము. 6-50 గంటలకు బిడ్డ పుట్టినాడు. ఏడ్పు ఆ గదిలో అందరికిని వినబడినది, తల్లికి తప్ప. "ఏడ్చుచున్నాడు, గట్టిగా ఏడ్చుచున్నాడు" అని మేము సైగచేయగా, ఆమె విడిచియున్న చేతితో "ఇంకొకసారి చెప్పుడి" అన్నది.

లూకా సువార్త మొదటి అధ్యాయములో ఇటువంటి గడియ యొకటి కలదు. మూగవాడైయున్న జెకర్యాను, కుమారునికి ఏ పేరు పెట్టగోరుచున్నాడో బంధువులు సైగలు చేసి అడిగిరి. అతడు పలక తెప్పించుకొని వ్రాసెను. మాట లేనివాడైనందున తండ్రి హక్కు పోలేదు. మన దేశములో ఈ సంగతిని చట్టము గుర్తించుటకు చాల కాలము పట్టినది. 2016లో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. సంజ్ఞాభాషను సంభాషణ సాధనములలో ఒకటిగా ఆ చట్టము పేర్కొన్నది. 2011 జనాభా లెక్కలలో వినికిడి లోపము గలవారుగా నమోదైనవారు దేశములో 50 లక్షలకు పైగా నున్నారు. చట్టము వచ్చినది గాని, తెల్లవారుజామున మంచము నొద్దకు రాగల దుబాసీలు అంతమందికి సరిపడ ఇంకను రాలేదు.

పది గంటలకు: హైటెక్ సిటీలో

ఆసుపత్రి నుండి తిన్నగా మెట్రో స్టేషనుకు నడచితిమి. ఇడ్లీ పొట్లము కట్టించుకొన్నాము గాని విప్పుటకు వీలు చిక్కలేదు. ఒకప్పుడు మియాపూరు అనగా బొంబాయి రోడ్డు ప్రక్కనున్న ఊరు. హైదరాబాదు అల్విన్ కంపెనీ ఇప్పుడు లేకపోయినను దాని పేరు మన చౌరస్తాకు నిలిచియున్నది. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజ్‌పేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిన తరువాత ఈ ప్రాంతపు ముఖము మారినది. 2017 నవంబరు 28న మన మియాపూరు స్టేషనులోనే మెట్రో రైలు ప్రారంభోత్సవము జరిగినది. 2019 మార్చిలో రైలు హైటెక్ సిటీ వరకు సాగినది. అమీరుపేటలో ఒక్కసారి మారినచో చాలును.

ఈ కంపెనీలతోపాటు బధిర యువకులు కూడ జిల్లాలనుండి ఇక్కడికి వచ్చిరి. దివ్యాంగ యువతకు శిక్షణ యిచ్చి ఉద్యోగములు చూపు సంస్థలు నగరములో వెలసినవి. హోటళ్ళలోను, గిడ్డంగులలోను, కంప్యూటరు కంపెనీలలోను కొందరికి పని దొరికినది. రైలు మొదలగు స్థలమని అద్దె గదులు మియాపూరులోను చుట్టుప్రక్కలను తీసికొనిరి. వారిలో కొందరు ఆదివారమున మన దేవాలయము మెట్లెక్కిరి. మన సంఘములో ఈ సేవ ఆరంభమైనది ఆ విధముగానే గాని ఏ కమిటీ తీర్మానముచేతను కాదు.

ఆ దినము ఒక కంపెనీలో క్రొత్తగా చేరిన ఎనిమిదిమంది బధిర యువతీయువకులకు మొదటి దినపు శిక్షణ. చెప్పువారు ఇంగ్లీషులో చెప్పుచుందురు; మేము ఒక వాక్యము వెనుకగా నడచుచు సైగలలోనికి మార్చుచుందుము. చెవి ముందు వాక్యమును వినుచుండగా చేతులు వెనుకటి వాక్యమును చెప్పుచుండవలెను. ఇరువది నిమిషములు దాటిన తరువాత బుద్ధి అలసి తప్పులు దొరలును. కావున ఇద్దరు దుబాసీలు వంతులవారీగా నిలుచుట క్రమము. చేతులు స్పష్టముగా కనబడుటకు మేని రంగుకు వేరైన ఒకే రంగు బట్టలు కట్టుకొనుదుము. ముఖముమీద వెలుతురు పడవలెను.

సైగలు అనగా నోటికి వచ్చిన భాషను చేతులతో బొమ్మ కట్టుట అని పలువురు తలంతురు. అది నిజము కాదు. భారతీయ సంజ్ఞాభాషకు దాని వ్యాకరణము దానికున్నది. ఎవరు, ఎక్కడ, ఏమి అను ప్రశ్నపదము వాక్యము చివర వచ్చును. కనుబొమ్మలు, తల, పెదవులు కూడ వ్యాకరణములో భాగమే. పేర్లను రెండు చేతుల వ్రేళ్ళతో అక్షరము వెంట అక్షరము చూపుదురు. ఆ దినము శిక్షకులు పలికిన ఒక కంప్యూటరు మాటకు మాకు సైగ తెలియక, వ్రేళ్ళతో అక్షరములు చూపితిమి. వెనుక వరుసలోని ఒక అమ్మాయి చేయి ఎత్తి, తమ స్నేహితులు వాడు సైగను మాకు నేర్పినది. ఆ పూట గురువు ఎవరో, శిష్యులు ఎవరో చెప్పుట కష్టము.

ఈ భాషను బడులు ఎందుకు నేర్పలేదని మీరు అడుగవచ్చును. అందుకొక చరిత్ర కలదు. 1880లో ఇటలీ దేశపు మిలాను నగరములో బధిర విద్యనుగూర్చి మహాసభ జరిగినది. అందు కూడినవారిలో బధిరులు దాదాపుగా లేనే లేరు. సైగలకంటె నోటి మాట నేర్పుటయే మేలని, బడులలో సైగలు మానవలెనని వారు తీర్మానించిరి. ఆ తీర్మానము లోకమంతట ప్రాకినది. మన దేశములో బధిరుల బడులు ఆ కాలమునందే పుట్టినందున ఆ పద్ధతియే ఇక్కడను పాతుకొన్నది. పిల్లలు తరగతిలో చేతులు ముడుచుకొని కూర్చుండి, హాస్టలులో దీపము క్రింద సైగలు చేసికొని భాషను నిలుపుకొనిరి. 1960లో అమెరికాలో విలియం స్టోకీ అను పండితుడు సైగల భాష సంపూర్ణమైన భాషయేనని నిరూపించెను. 2010లో కెనడాలోని వాంకూవరులో కూడిన బధిర విద్యా మహాసభ మిలాను తీర్మానములను త్రోసివేసి విచారము తెలిపినది. నడుమ గడచినవి నూట ముప్పది ఏండ్లు.

మన దేశములో 1983లో బొంబాయిలో బధిరుల కొరకు జాతీయ సంస్థ ఏర్పడి, హైదరాబాదీయుడైన అలీ యావర్ జంగుగారి పేరు దానికి పెట్టబడినది. దాని ప్రాంతీయ కేంద్రము మన సికింద్రాబాదులోనే కలదు. 2015లో ఢిల్లీలో సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము వెలసినది. ఆ కేంద్రము 2018లో 3,000 పదములతో ప్రచురించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. దుబాసీలకు రెండేండ్ల డిప్లొమా చదువు కూడ కలదు. శిక్షణలో నున్న ఆ యువతీయువకులకు ఈ తేదీలు తెలియవు. కాని తాము చిన్ననాట తరగతిలో చేతులు కదిపి దెబ్బలు తిన్న సంగతి వారిలో ఇద్దరు భోజన విరామములో మాకు చెప్పిరి.

మూడు గంటలకు: పోలీసు స్టేషనులో

భోజనము సగములో నుండగా మరియొక కబురు. ముందటి రాత్రి ఒక బధిర యువకుని స్కూటరును కారు ఢీకొన్నది. తప్పు అతనిదేయని కారు యజమాని ఫిర్యాదు ఇచ్చెను. పిలిచినను పలుకలేదు గనుక త్రాగియున్నాడని అక్కడివారు అనుకొనిరి. శిక్షణ కడపటి గంటకు ఒకరము నిలిచి, రెండవవారము ఆటోలో పోయితిమి.

మా పనికి ముఖ్యమైన నియమము ఒకటే. ఉన్నదంతయు చెప్పవలెను, లేనిది ఒక్కటియు చేర్చకూడదు. ఆ యువకుడు కోపములో కారు యజమానిని తిట్టెను. అతని అన్నగారు మా ప్రక్కన చేరి, "అది చెప్పకండి, కొంచెము మెత్తగా చెప్పండి" అని బ్రతిమాలిరి. మేము తిట్టును కూడ ఉన్నదున్నట్లుగా పలికితిమి. కానిస్టేబులుగారు వ్రాయుట ఆపి, "ఇది ఆయన అన్నాడా, మీరు అంటున్నారా?" అని అడిగిరి. "సార్, మా నోటినుండి వచ్చినదంతయు ఆయన మాటయే. మా మాట ఉన్నచో ముందుగా చెప్పి చెప్పెదము" అంటిమి. ఆయన నవ్వి తిరిగి వ్రాయ మొదలుపెట్టిరి. తిట్టు చెప్పినందున యువకునికి నష్టము కలుగలేదు. తరువాత అతడు బొమ్మ గీసి, కారు ఏ వైపునుండి మలుపు తిరిగినదో చూపించగా, దానిని కూడ ఉన్నదున్నట్లుగానే వ్రాసికొనిరి. మెత్తగా చెప్పిన దుబాసీని, గట్టిగా చెప్పవలసినచోట ఎవరు నమ్ముదురు?

న్యాయస్థానములలో మాటలాడలేని సాక్షి వ్రాతతోగాని సైగలతోగాని సాక్ష్యమియ్యవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పినది. 2013 సవరణలో, అట్టి సాక్షికి దుబాసి సహాయము తీసికొనవలెననియు, ఆ సాక్ష్యమును వీడియో తీయవలెననియు చేర్చబడినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియములోను ఇది నిలిచినది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అను బధిర న్యాయవాది దుబాసి సహాయముతో సుప్రీం కోర్టు ఎదుట హాజరైరి. ఈ సంగతిని ప్రత్యేకముగా గమనింపగోరుచున్నాము. అక్కడ దుబాసి బధిరురాలికి ఇతరుల మాట చెప్పుటకు మాత్రమే నిలువలేదు. ఆమె వాదనను న్యాయమూర్తులకు వినిపించుటకు నిలిచెను.

సాయంకాలము: శ్రమదినముల ఆరాధనలో

ఏడు గంటల ఆరాధనకు మేమిద్దరము చెరియొక దిక్కునుండి పరుగెత్తి వచ్చి, పులిపీఠము ప్రక్కన మా స్థలములో నిలిచితిమి. ప్రొద్దుటి ఇడ్లీ పొట్లము సంచిలోనే యున్నది.

బధిరుల విషయములో క్రైస్తవ సంఘపు చరిత్ర రెండు విధములుగా నున్నది. రోమా పత్రిక 10వ అధ్యాయములో విశ్వాసము వినుటవలన కలుగునని వ్రాయబడిన మాటను కొందరు చెవికే అంటగట్టి, విననివానికి విశ్వాసము కష్టమని శతాబ్దముల తరబడి తలంచిరి. అదే సంఘమునుండి వేరు తలంపు గలవారును లేచిరి. 16వ శతాబ్దములో స్పెయిను దేశపు సన్యాసి పేద్రో పోన్సే బధిర బాలురకు చదువు చెప్పెను. 18వ శతాబ్దములో పారిసు నగరపు గురువైన డెలెపే బధిరుల సైగలనే ఆధారము చేసికొని బడి నడిపెను. 1817లో అమెరికాలో పాదిరి థామస్ గాలొడెట్, బధిరుడైన లారెంట్ క్లేర్కు కలిసి హార్ట్‌ఫర్డులో బడి స్థాపించిరి. మన దేశములో 1880ల దశకములో బొంబాయిలో బిషప్ మ్యూరిన్ గారు, 1890ల దశకములో తిరునల్వేలి ప్రాంతపు పాలయంకోటలో మిషనరీ ఫ్లారెన్స్ స్వైన్సన్ దొరసానిగారు బధిర పిల్లలకు బడులు తెరచిరి.

మన మెదకు మహాదేవాలయమును తలంచుకొనుడి. పాస్నెట్ దొరగారు కరవు కాలములో ప్రజలకు పని కల్పించుచు కట్టించిన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. దాని మూడు రంగుటద్దముల కిటికీలలో ప్రభువు ఆరోహణము, జననము, సిలువ మరణము చిత్రింపబడియున్నవి. మా బధిర సంఘస్థులను అక్కడికి తీసికొనిపోయినప్పుడు వారు ఆ కిటికీల క్రింద గంటసేపు నిలిచిరి. వారికి దుబాసి అక్కరలేకపోయినది. కన్నులకు సువార్త చెప్పవచ్చునని మన పెద్దలకు తెలియును. ఆ కిటికీల క్రింద ప్రసంగము వినుచున్నవారిలో వినలేనివారు ఉండవచ్చునని మాత్రము మనకు తోచలేదు.

ఆ సాయంకాలపు పాఠము లూకా 22వ అధ్యాయము, పేతురు ప్రభువును ఎరుగనని బొంకిన భాగము. అయ్యగారు కోడికూతనుగూర్చి చక్కగా ప్రసంగించిరి. కూత మనస్సాక్షిని లేపునది, ప్రతివాని జీవితములో ఒక కోడి కూయును అని వివరించిరి. మేము చేతులతో కోడిని చూపి, మెడ చాచి కూయుటను చూపితిమి. ప్రసంగము తరువాత ఎవరైన సాక్ష్యము చెప్పవచ్చునని అయ్యగారు సెలవియ్యగా, మొదటి వరుసలోని ఒక బధిర సహోదరి లేచి నిలిచినది. ఇన్నేండ్లలో ఆ వరుసనుండి ఎవరును లేవలేదు. సంఘము మావైపు చూచినది. మేము మైకు నందుకొని ఆమె చేతులనుండి పలికితిమి.

ఆమె చెప్పినది ఇది: "నేను కోడికూత ఎన్నడును వినలేదు. చిన్ననాటినుండి ఈ కథలో నాకు చోటు లేదనుకొంటిని. నిన్న రాత్రి చదివితిని. కోడి కూసిన వెంటనే ప్రభువు తిరిగి పేతురువైపు చూచెనని ఉన్నది. అప్పుడే పేతురుకు జ్ఞాపకము వచ్చినది. కోడికూతను ఆ ముంగిటిలో అందరు విన్నారు. ఎవరును ఏడ్వలేదు. చూపును చూచినవాడు ఒక్కడే ఏడ్చినాడు. నన్ను కూడ ఆయన చూచును."

దేవాలయములో చప్పుడు లేదు. అయ్యగారు పులిపీఠము దిగి వచ్చి, ఆమె ఎదుట నిలిచి, మావైపు కాక ఆమెవైపే చూచి, "అమ్మా, ముప్పది ఏండ్లుగా ఈ భాగము ప్రసంగించుచున్నాను. ఆ వచనము నాకు కనబడలేదు" అనిరి. దానిని ఆమెకు సైగలలో చెప్పుట ఆ దినమున మేము చేసిన కడపటి పని.

మా తప్పు, మన ముందున్న పని

ఆ రాత్రి పొట్లము విప్పి పులిసిన ఇడ్లీలు పారవేయుచు, మేమిద్దరము మా తప్పును ఒప్పుకొంటిమి. ఆరంభ దినములలో మేము ప్రసంగములో పది మాటలకు మూడు మాటలే చెప్పి, వారికి ఇది చాలునని తలంచితిమి. తెలుగు వాక్యపు వరుసలోనే ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క సైగ పెట్టి, అదియే వారి భాష యనుకొంటిమి. ఒక బధిర పెద్దాయన మమ్మును ప్రక్కకు పిలిచి, "మీ చేతులు తెలుగులో నత్తిగా మాటలాడుచున్నవి" అని దిద్దిరి. అన్నిటికంటె పెద్ద తప్పు, వారికి చెప్పుటనే సేవయనుకొంటిమి గాని, వారి మాటను సంఘమునకు చెప్పుట అందులో సగమని ఎరుగకపోతిమి. వంతెన మీద ఒకే దిక్కుకు జనులను నడిపించితిమి.

సంఘముగా మనమును ఒప్పుకొనవలసినది కలదు. బధిరుడు దేవాలయమునకు వచ్చినచో స్వస్థత ప్రార్థనకు ముందుకు పిలిచితిమి; వాక్యము వినిపించుటకు పిలువలేదు. మార్కు 7వ అధ్యాయములో ప్రభువు ఆ చెవిటివానిని జనసమూహమునుండి ప్రక్కకు తీసికొనిపోయి, చెవులలో వ్రేళ్ళు పెట్టి, నాలుక ముట్టి, ఆకాశమువైపు కన్నులెత్తి, నిట్టూర్చి, ఆ తరువాతనే 'ఎప్ఫతా' అనెను. అతనికి తెలియు సైగలతో ముందు మాటలాడి, పిమ్మట స్వస్థపరచెను. మనము ఆ మొదటి సగమును విడిచిపెట్టితిమి.

రెండవ శతాబ్దములో అడుగు పెట్టుచున్న మన అధ్యక్ష మండలమునకు మా విన్నపములు మూడు. ప్రతి పెద్ద పాస్టరేటులో ఇద్దరు యౌవనస్థులకు దుబాసీ శిక్షణ యిప్పించి, వారి కష్టమునకు తగిన వేతనము నియ్యవలెను. ఉచిత సేవయని పిలిచినచో సేవ నిలువదు. ఆదివార పాఠశాలలో పిల్లలందరికి కొద్ది సైగలైన నేర్పవలెను. అప్పుడు బధిర పిల్ల ప్రక్కన కూర్చుండు స్నేహితులు దొరకుదురు. మూడవది ముఖ్యమైనది. బధిరులను పాస్టరేటు కమిటీలోనికి, పఠనమునకు, సాక్ష్యమునకు, పిలుపు గలవారిని గురుత్వమునకు పిలువవలెను. ఇది వింత కోరిక కాదు. అమెరికాలో హెన్రీ వింటర్ సైల్ అను బధిరుడు 1876లోనే ఎపిస్కోపల్ సంఘములో అభిషేకము పొందెను. మన దేశములో 2024 మే నెలలో కేరళలోని త్రిశూరులో జోసఫ్ తేర్మఠం అను బధిర యువకుడు గురువుగా అభిషిక్తుడాయెను.

ఆ శుక్రవారము పుట్టిన పిల్లవాడు ఇప్పుడు తల్లి ఒడిలో కూర్చుండి, పాలు కావలెనన్నచో నోటితో ఏడ్చుటకు ముందే చేతితో అడుగుచున్నాడు. అతనికి వినికిడి బాగుగా ఉన్నది. అయినను అతని మొదటి భాష చేతి భాషయే. అతడు పెరిగి పెద్దవాడగునప్పటికి, ఆసుపత్రి మంచము నొద్ద తన అక్క నిలిచినట్లు ఏ పిల్లయు నిలువవలసిన అవసరము రాకూడదనియు, ఎడమవైపు వరుసలలో నున్నవారు లేచి మాటలాడినప్పుడు సంఘము మావైపు గాక వారివైపే చూడవలెననియు మా ప్రార్థన.

మాటలు లేనివారి మనవిని కూడ ఆలకించు దేవునికి మహిమ కలుగును గాక. ఆమేన్.